బగ్గు: లోపమా, దోషమా, గుణమా?

సందేహం: ప్రోగ్రాములో తప్పు ఎత్తిచూపితే మా ఆఫీసులో ‘ఇది బగ్గు కాదు, ఫీచరు’ అని తప్పించుకుంటారు. బగ్గును తెలుగులో లోపం అనాలా, దోషం అనాలా? దోషమే గుణం కావడం ఉంటుందా?
– ఒక పాఠకురాలు, హైదరాబాదు

సమాధానం: ముందు లోపం సంగతి తేల్చేద్దాం. ‘అదర్శనం లోపః’ అన్నాడు పాణిని. ఉండవలసింది కనబడకపోతే లోపం. ఉండకూడనిది ఉంటే దోషం. సర్వరు పడిపోయినా, జీతం రెండుసార్లు పడినా పత్రికలవారికి ‘సాంకేతిక లోపం’ ఒక్కటే దిక్కు. జీతం రెండుసార్లు పడితే లోపించిందేమిటి నాయనా! ‘పురుగు’ అని రాసేవారి జోలికి నేను పోను.

ఇక గుణం మాట. మన ఆలంకారికులు దోషాలన్నిటినీ ఒకే గాటన కట్టలేదు. ఎక్కడున్నా దోషమే అయితే నిత్యదోషం. చోటునుబట్టి దోషం కాకపోతే అనిత్యదోషం. శ్రుతికటువు, అంటే చెవికి కటువుగా తగిలే మాట, శృంగారంలో దోషం, రౌద్రంలో గుణం. మాధుర్యానికి టవర్గం (ట ఠ డ ఢ ణ) పనికిరాదన్నాడు కావ్యప్రకాశం రాసిన మమ్మటుడు. మరి పోతన ఏం చేశాడు? గజేంద్రుడి మొర విని విష్ణువు చెప్పాపెట్టకుండా బయల్దేరాడు. ఎక్కడికని అడగాలని లక్ష్మి వడివడిగా వెళ్తుంది, అడిగినా బదులు చెప్పడేమోనని ఆగిపోతుంది:

‘వెడవెడ సిడిముడి తడఁబడ
నడుగిడు నడుగిడదు జడిమ నడుగిడు నెడలన్’

నడిచేది లక్ష్మీదేవి! లకారాలతో జాలువార్చడం పోతనకు చేతకాకనా? పైకి చదవండి. ప్రతి డకారానికీ నాలుక తట్టుకుంటుంది. అమ్మవారి అడుగూ అక్కడే తడబడుతుంది. ఆ డకారాలను ‘దిద్దితే’ పద్యం మిగలదు.

ప్రోగ్రాముల్లోనూ అనిత్యదోషాలున్నాయి. 1978 నాటి స్పేస్ ఇన్‌వేడర్స్ ఆటలో శత్రువులు చచ్చేకొద్దీ మిగిలినవాళ్ల వేగం పెరుగుతుంది. బొమ్మలు తగ్గితే యంత్రానికి గీసే పని తగ్గి అలా అయింది, అంతే. రూపకర్త నిషికాడో దాన్ని దిద్దకుండా ఉంచేశాడు. ఆటకు పట్టు వచ్చిందే దానివల్ల. 1996లో ఏరియన్-5 రాకెట్టు ప్రోగ్రాము 64 బిట్ల సంఖ్యను 16 బిట్లలో ఇరికించబోయింది. రాకెట్టు నిమిషం తిరక్కుండానే ఆకాశంలో ముక్కలైంది. అది నిత్యదోషం, సందేహం లేదు. ఎక్సెల్ మాత్రం 1900 ఫిబ్రవరికి 29 రోజులు లెక్కిస్తుంది. అంతకుముందే వాడుకలో ఉన్న లోటస్ 1-2-3 అనే పట్టికల ప్రోగ్రాము లెక్కలతో పొత్తు కుదరాలని తెలిసే ఉంచిన తప్పు అది. దాన్ని ఏ గాటన కట్టాలో మమ్మటుణ్ణే అడగాలి.

రాతలో చాలాచోట్ల ‘దోషం’ సరిపోతుంది. మాటల్లో బగ్గు అన్నా నాకు అభ్యంతరం లేదు. ఫీచరు అని దబాయించేవారిని ఏ సందర్భంలో గుణమో చెప్పమనండి. చెప్పలేకపోతే దిద్దించండి. దిద్దాక ‘దోషం సరిచేయబడినది’ అని మాత్రం బోర్డు పెట్టనివ్వకండి. ‘సరిచేశాం’ అంటే చాలదూ?