ఆదివారం బిర్యానీ, గురువారం తూకం

చిరంజీవి కార్తీక్‌కి పెద్దమ్మ ఆశీస్సులు.

బరువు తగ్గాలంటే ఆదివారం బిర్యానీ పూర్తిగా మానెయ్యాలా అని అడిగావు. మానక్కర్లేదు. ఆ ఒక్క పూట పక్క పూటల్లోకి పాకకుండా చూసుకోవడం వస్తే చాలు. ఇష్టమైనవన్నీ ఒక్కసారిగా కట్టిపెట్టినవాళ్లు నెలో రెండు నెలలో బిగబట్టి, ఆ తర్వాత తెగించి తినేస్తారు. పోయిన బరువు వడ్డీతో సహా తిరిగొస్తుంది. అందుకే మొదటి రోజు నుంచే విందు భోజనానికి లెక్కలో చోటివ్వాలి.

ఆ లెక్కేమిటో చూడు. నీ ఒంటికి రోజుకి 2,100 కేలరీలు ఖర్చవుతాయనుకుందాం. నువ్వు 1,700 తింటే రోజుకి 400 మిగులు. ఒక కిలో కొవ్వు కరగడానికి దాదాపు 7,700 కేలరీల మిగులు కావాలి. సోమవారం నుంచి శనివారం దాకా ఆరు రోజులు పద్ధతిగా తింటే 2,400 మిగిలాయి. ఆదివారం మధ్యాహ్నం గట్టిగా తిని ఆ రోజు మొత్తం మీద 2,700 అయిందనుకో, 600 పోయాయి. ఇంకా 1,800 చేతిలో ఉన్నాయి. అంటే వారానికి పావు కిలోకి కాస్త తక్కువ, నెలకి కిలో దాకా. అంతా సవ్యంగానే ఉంది.

ఇప్పుడు చాలామంది ఇళ్లలో జరిగేది చూడు. మధ్యాహ్నం బిర్యానీ, దాంతో కూల్ డ్రింకు. సాయంత్రం 'ఎలాగూ ఇవాళ పోయింది కదా' అని బీచ్‌లో బజ్జీలు, ఐస్‌క్రీం. రాత్రి మళ్లీ అదే బిర్యానీ వేడి చేసుకోవడం. ఆదివారం ఖాతా 3,500కి చేరుతుంది. గిన్నెలో ఇంకా మిగిలింది సోమవారం క్యారేజీలోకి వెళ్తే ఆ రోజు 2,300. ఇక మిగులు చూపించే రోజులు అయిదే, వాటి 2,000 లోంచి ఈ 1,600 తీసేస్తే మిగిలేది 400. వారమంతా నోరు కట్టుకున్నందుకు తగ్గేది 50 గ్రాములు! 'ఏమీ తినట్లేదు పెద్దమ్మా, అయినా తగ్గట్లేదు' అనే మాట వెనక సాధారణంగా ఉండేది ఇదే. బిర్యానీని ఆడిపోసుకుంటారు గానీ, నష్టమంతా దాని తర్వాత తిన్నవాటితో.

కాబట్టి 'చీట్ డే', అంటే రోజంతా ఇష్టమొచ్చినట్టు తినే రోజు, అన్న మాట వదిలెయ్. సడలింపు రోజుకి లేదు, పూటకే ఉంది. వారంలో 21 పూటలుంటే ఒకటి నీ ఇష్టం. పెళ్లో పుట్టినరోజో వచ్చిన వారం ఆ పూట అక్కడికి మారుతుంది, రెండోది పుట్టదు. వీలైనంతవరకు మధ్యాహ్న భోజనమే పెట్టుకో. బాగా తిన్నాక సాయంత్రం దాకా కదలడానికి టైముంటుంది, రాత్రికి ఆకలి దానంతటదే తగ్గుతుంది. రాత్రి పదకొండింటికి ఆర్డర్ పెట్టి, తిన్న వెంటనే పడుకుంటే ఛాతీలో మంట, పొద్దున్న లేచేసరికి బరువైన తల.

విందు రోజు పొద్దున్న కడుపు మాడ్చుకోకు. చాలామంది చేసే తప్పు ఇదే. టిఫిన్ మానేసి ఒంటిగంటకి కూర్చున్నవాడికి మొదటి పది నిమిషాలు రుచి తెలియదు, మింగడమే. కడుపు నిండిన కబురు మెదడుకి చేరడానికి ఇంచుమించు 20 నిమిషాలు పడుతుంది, ఈలోపు రెండో ప్లేటు కూడా అయిపోతుంది. పొద్దున్నే రెండు ఇడ్లీలు, రెండు ఉడికించిన గుడ్లు తిను. గుడ్డు వద్దంటే ఒక పెసరట్టు, అల్లం చట్నీతో. అందులో ఉప్మా మాత్రం పెట్టించుకోకు. పదకొండింటికి ఒక గ్లాసు పల్చటి మజ్జిగ. అప్పుడు భోజనానికి ఆకలితో వస్తావు గానీ ఆవురావురుమంటూ రావు.

ఇక బిర్యానీ సంగతి. ఇంట్లో వండితే సగం సమస్య పొయ్యి దగ్గరే తీరిపోతుంది. నలుగురికి 400 గ్రాముల బాస్మతి, స్కిన్‌లెస్ చికెన్ ఎముకతో కలిపి 800 గ్రాములు, పెరుగు పావు కిలో, ఉల్లిపాయలు పెద్దవి మూడు. నూనె మొత్తం నాలుగు పెద్ద చెంచాలు, అంటే 60 మిల్లీలీటర్లు. నూనె ఎక్కువగా పోయేది వేయించిన ఉల్లిపాయల దగ్గర. మామూలుగా బాణలి నిండా నూనె పోసి వేయిస్తాం, ముక్కలు దాన్ని పీల్చుకుంటాయి, మిగిలిన నూనె కూడా పారబొయ్యలేక మసాలాలోకే వంపేస్తాం. అలా కాకుండా ఉల్లిపాయల్ని సన్నగా, ఒకే మందంలో తరిగి, చిటికెడు ఉప్పు చల్లి పది నిమిషాలు ఉంచు. ఊరిన నీటిని పిండేసి, వెడల్పాటి మూకుట్లో మూడు చెంచాల నూనెలో మధ్యస్థమైన మంట మీద 15 నిమిషాలు కలుపుతూ ఉండు. చివరి మూడు నిమిషాలు అక్కణ్ణుంచి కదలకు. బంగారు రంగు నుంచి నలుపుకి క్షణాల్లో తిరుగుతాయి, మాడితే బిర్యానీ అంతా చేదు.

మిగిలిన చెంచా నూనె, పెరుగు, అల్లం వెల్లుల్లి ముద్ద, కారం, పుదీనా, వేయించిన ఉల్లిపాయల్లో సగం చికెన్‌కి పట్టించి రెండు గంటలు ఉంచు. బియ్యం విడిగా, మసాలా దినుసులు వేసిన ఉప్పునీళ్లలో ముప్పాతిక వంతు ఉడికించి వార్చెయ్. చికెన్ మీద అన్నం పరిచి, మిగతా ఉల్లిపాయలు చల్లి, నలుగురికీ కలిపి నాలుగు చిన్న చెంచాల నెయ్యి పైనుంచి వెయ్. నెయ్యి అడుగున వేస్తే మసాలాలో కలిసిపోయి ఉనికే తెలియదు, పైన వేస్తే మూత తియ్యగానే వాసన ముక్కుకి తగులుతుంది. తక్కువ నెయ్యితో ఎక్కువ తృప్తి కావాలంటే ఇదే కిటుకు. గిన్నె కింద పెనం పెట్టి, అయిదు నిమిషాలు పెద్ద మంట, 20 నిమిషాలు సన్న సెగ, పది నిమిషాలు మూత తియ్యకుండా వదిలెయ్. ఇలా చేస్తే ఒక మనిషి వంతు 800 కేలరీలకి అటూ ఇటూగా ఉంటుంది. పక్కన కీరా, ఉల్లి వేసిన పెరుగు చట్నీ బోలెడంత చేసుకో. కూల్ డ్రింకు వద్దు. 300 మిల్లీలీటర్ల సీసాలో ఆరు చెంచాల దాకా చక్కెర ఉంటుంది, బిర్యానీ రుచిని కూడా చంపేస్తుంది.

హోటల్ నుంచి తెప్పించుకుంటే ప్యాకెట్ విప్పగానే రెండు వాటాలు చెయ్. 'సింగిల్' అన్నది కూడా చాలాచోట్ల ఇద్దరికి సరిపోతుంది. తినడం మొదలుపెట్టాక ఆపడం కష్టం, ముందే విడదీస్తే తేలిక. రెండో వాటా ఇంట్లో ఎవరికైనా పెట్టు, ఫ్రిజ్‌లోకి మాత్రం వెళ్లనివ్వకు. పళ్లెంలో వడ్డించుకుని, టీవీ కట్టేసి తిను. టీవీ చూస్తూ తిన్నది కడుపుకి తెలుస్తుంది గానీ మనసుకి తెలియదు, గంట తర్వాత మళ్లీ ఏదో కావాలనిపిస్తుంది.

విశాఖలో ఉంటూ సముద్రపు చేప తినకపోతే ఎలా? విందులన్నిటిలో నీకు తక్కువ నష్టం చేసేది ఇదే. కాకపోతే పిండిలో ముంచి నూనెలో దేవినది కాదు, పెనం మీద కాల్చినది. అరకిలో వంజరం ముక్కలకి రెండు చిన్న చెంచాల కారం, ఒక చెంచా ఉప్పు, పసుపు, అల్లం వెల్లుల్లి, అరచెక్క నిమ్మరసం, ఒక చెంచా బియ్యప్పిండి పట్టించి 20 నిమిషాలు ఆగు. ఇనప పెనం బాగా కాలాక నాలుగు చిన్న చెంచాల నూనెతో ఒక్కో వైపు నాలుగు నిమిషాలు. తొందరపడి తిప్పితే చేప పెనానికి అంటుకుని చితుకుతుంది, కిందివైపు కరకరలాడాక దానంతటదే విడుస్తుంది. రొయ్యలయితే ఇగురు పెట్టుకో.

బీచ్ బజ్జీల గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే నువ్వు నడకకి వెళ్లేదీ అక్కడికే. 70 కిలోల మనిషి 45 నిమిషాలు గట్టిగా నడిస్తే దాదాపు 200 కేలరీలు ఖర్చు. రెండు మిరపకాయ బజ్జీలు దాన్ని మింగేస్తాయి. నడిచాను కదా అని తింటే నడక వృథా. నడిచిన రోజు మురీ మిక్స్చర్ తిను. మరమరాలు, ఉల్లి, టమాటా, నిమ్మరసం ఎక్కువ వేసి, కారప్పూస తగ్గించమని చెప్పు. కాల్చిన మొక్కజొన్న పొత్తు ఇంకా మంచిది. బజ్జీలే కావాలనిపిస్తే వాటినే ఆ వారం విందు చేసుకుని, వేడివేడిగా, మంచి బండి దగ్గర నిలబడి తిను. నూనె సరిగ్గా కాగని బండి దగ్గర బజ్జీ మెత్తగా, నూనె ఓడుతూ వస్తుంది. అలాంటిది ఒక్కటి కూడా వద్దు. సింహాచలం గిరి ప్రదక్షిణ రోజు కూడా ఇదే జాగ్రత్త: 32 కిలోమీటర్లు నడుస్తారు, దారి పొడుగునా పులిహోర, శీతల పానీయాలు భక్తిగా చేతిలో పెడతారు. మజ్జిగ, నీళ్లు, ఒక్కచోట ప్రసాదం చాలు.

పెళ్లి బఫేకి వెళ్తే పళ్లెం పట్టుకోక ముందు ఓసారి ఖాళీ చేతులతో చుట్టూ తిరిగి చూడు. ఇంట్లో దొరకనివి మూడు ఎంచుకో. వైట్ రైస్, సాంబారు, చపాతీ రోజూ ఉండేవే, అక్కడ వాటితో కడుపు నింపుకోవడం దేనికి? బంతి భోజనమైతే చిక్కు వేరు. ఖాళీ విస్తరి కనిపిస్తే మారు వడ్డన ఆగదు. అందుకని చివరిదాకా విస్తట్లో ఏదో ఒకటి కొద్దిగా ఉంచుకో. 'డైటింగ్‌లో ఉన్నానండీ' అని మాత్రం అనకు. ఆ మాటతో అత్తలూ పిన్నులూ పంతం పట్టి మరీ వడ్డిస్తారు. 'చాలా బాగుంది అత్తయ్యా, కాస్సేపాగి వేసుకుంటాను' అంటే వాళ్ల మనసూ నొచ్చుకోదు, నీ విస్తరీ నిండదు.

స్వీట్ల దగ్గర ప్రమాదం నిల్వలో ఉంది. సంక్రాంతి నాడు తిన్న అరిసెలతో ఏమీ కాదు, ఆ తర్వాత మూడు వారాలపాటు డబ్బా మూత తీసినప్పుడల్లా తిన్న వాటితో అవుతుంది. అరిసె ఒకటి దాదాపు 200 కేలరీలు. పండక్కి నాలుగు తిని, మిగతావి కనుమ సాయంత్రానికే పంచిపెట్టెయ్. మాడుగుల హల్వా డబ్బా వస్తే ఆ రోజే 30 గ్రాముల ముక్కలుగా కోసి, ఒకటి తిని, మిగతావి ఆఫీసుకి పట్టుకెళ్లు. నెయ్యి, చక్కెర, గోధుమపాలు దగ్గరపెట్టి చేసిన స్వీటది, చిన్న ముక్క నెమ్మదిగా చప్పరిస్తేనే దాని రుచి తెలిసేది.

విందయ్యాక ఆ రాత్రి ఆకలుంటే చారుతో ఒక చిన్న కప్పు అన్నమో, గ్లాసు చోడి (రాగి) అంబలో. ఆకలి లేకపోతే మజ్జిగ తాగి పడుకో. సోమవారం మామూలు భోజనం. 'నిన్న తిన్నాను, ఇవాళ ఉపవాసం' అనే ప్రాయశ్చిత్తం వద్దు. అది మంగళవారం రాత్రికి మళ్లీ తిండి మీద పడేస్తుంది.

సోమవారం పొద్దున్న తూకం యంత్రం ఎక్కకు. కిలో, కిలోన్నర ఎక్కువ చూపిస్తుంది, అది కొవ్వు కాదు. ఎక్కువగా తిన్న అన్నాన్ని ఒళ్లు కాలేయంలో, కండరాల్లో గ్లైకోజెన్‌గా దాస్తుంది, దాని ఒక్కో గ్రాముతోపాటు మూడు గ్రాముల దాకా నీరు నిలుస్తుంది. బిర్యానీలో ఉప్పు పట్టి ఉంచే నీరు వేరే. పేగుల్లో ఉన్న తిండి బరువూ అందులోనే. మామూలు తిండికి రాగానే ఇదంతా మూడు, నాలుగు రోజుల్లో దిగిపోతుంది. గురువారం పొద్దున్న, బాత్‌రూమ్‌కి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు చూసుకున్న బరువే అసలు బరువు. నెలకోసారి నడుము కూడా కొలుచుకో, చివరి పక్కటెముకకీ తుంటి ఎముకకీ మధ్యన టేపు పెట్టి. మన దేశపు మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటకూడదు.

మీ నాన్నకి షుగర్ మాత్రలు ఉన్నాయి కాబట్టి ఆయన నీతోపాటు ఈ పద్ధతి పట్టుకుంటే ముందు డాక్టర్ని అడగమను. మాత్రలు వేసుకుని పూట మానేస్తే షుగర్ పడిపోవచ్చు, విందు పూట ఒక్కసారిగా పెరగొచ్చు. ఇంకోటి, నీకు గానీ నీ స్నేహితులకి గానీ తిండి దాచుకుని తినడం, తిన్నాక వాంతి చేసుకోవాలనిపించడం ఉంటే అది నోటి చాపల్యం కాదు, జబ్బు. సిగ్గుపడకుండా డాక్టరుకి చూపించాలి.

నాలుగు గురువారాలు వరసగా ముల్లు కదలకపోతే ముందు విందు మీద చెయ్యి వెయ్యకు. మామూలు రోజుల నూనె సీసా చూడు. ఒకటో తారీఖున ఇంటికి కొత్త ప్యాకెట్ తెచ్చి, దాని మీద తేదీ రాసి, ఎన్ని రోజులకి అయిపోయిందో లెక్కెయ్. మీ ఇంట్లో నలుగురు. నెలకి రెండున్నర లీటర్లు దాటుతోందంటే తగ్గించాల్సింది అక్కడ. రోజూ కూరలో ఒక చెంచా తగ్గితే మనిషికి ఎంత తగ్గుతుందో ఈ నెలాఖరుకి లెక్క కట్టి నాకు రాయి.

ఆశీస్సులతో,
పెద్దమ్మ