మొజాయిక్ ఫ్లోర్ మీద యాసిడ్ మచ్చలు ఏం పెట్టి కడిగితే పోతాయి?

ఏం పెట్టి కడిగినా పోవు. ఇంకో సీసా కొనకండి. ఇంత ధీమాగా ఎందుకు చెబుతున్నానంటే, మీ పాత మొజాయిక్‌కి జరిగిందే మా హాలుకీ జరిగింది, చేసింది నేనే.

ఇంటికి రంగులు వేయించాక నేల మీద పెయింట్ చుక్కలు మిగిలాయి. గోకే ఓపిక లేక బాత్‌రూమ్ యాసిడ్ పోశాను. సుయ్‌మంటూ నురగ లేచింది. మురికి వదులుతోందని మురిసిపోయి ఇంకో గ్లాసు ఒంపాను. నిజానికి వదులుతున్నది గచ్చే. అందులో ఉండే పాలరాతి చిప్స్‌నీ, సిమెంటునీ రెండింటినీ యాసిడ్ తినేస్తుంది. ఆరేసరికి చాపంత తెల్లమచ్చ, తడిమితే గరుకు. పెయింట్ చుక్కలు మాత్రం సగం అలాగే ఉన్నాయి!

ఆ తర్వాత సబ్బు, వంటసోడా, ఆఖరికి నూనె కూడా రాశాను. నూనెతో రెండు రోజులు భలే మెరిసింది. మూడో రోజు నుంచి దుమ్మంతా అక్కడే అతుక్కుని నల్లబడింది.

చివరికి పిలిచిన పాలిషింగ్ మేస్త్రి ఏమీ మాట్లాడకుండా చెంబుడు నీళ్లు పోశాడు. మచ్చ మాయం. "తడిస్తే కనపడట్లేదంటే మరక కాదండీ, పైపొర పోయింది. అరగదీయాల్సిందే" అన్నాడు. తడిపినా కనిపిస్తే అది మరక. నూనె మరకైతే సుద్దపొడిని అసిటోన్‌తో ముద్దగా కలిపి పట్టు వేసి, ప్లాస్టిక్ కవరు కప్పి ఒక రోజు వదిలేస్తే చాలావరకు లాగేస్తుంది.

మచ్చ వరకే అరగదీయమంటే, గుంట పడుతుందని ఒప్పుకోలేదు. హాలంతా నీళ్లు పోస్తూ 80 నంబరు రాయితో మొదలుపెట్టాడు (నంబరు పెరిగేకొద్దీ రాయి నున్నన). తేలిన సన్న రంధ్రాలకు రంగు కలిపిన వైట్ సిమెంటు పూసి, మూడు రోజులు ఆగి, 120, 220, 400 వరుసగా తిప్పాడు. మధ్యలో ఒక నంబరు ఎగ్గొట్టేవాళ్లున్నారు, పక్కనే నిలబడండి. ఎగ్గొడితే అప్పటికి బాగానే కనిపిస్తుంది, కానీ సాయంత్రం ఎండ ఏటవాలుగా పడ్డప్పుడు చుట్లు చుట్లుగా గీతలు బయటపడతాయి. అరగదీస్తుంటే వచ్చే బురదని తూములోకి పోనివ్వకండి, గడ్డకడుతుంది. మా కొత్త రంగు గోడల మీద మోకాలెత్తున చిందిన సంగతి ఇక చెప్పను.

చివర మెరుపు కోసం ఆక్సాలిక్ పొడి వేసి రుద్దాడు. "అదీ యాసిడేగా?" అంటే, "మీలా గ్లాసులతో పొయ్యను కదండీ" అన్నాడు.

ఇక "దీనికింత తలనొప్పి ఎందుకు, పైన టైల్స్ వేసెయ్" అనేవాళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది. నేల ఎత్తు పెరిగి ప్రతి తలుపూ కింద కోయించాలి. పైగా టైలు పైపూత అరిగితే, అరగదీసి మెరిపించడానికి లోపల ఏముంటుంది? మొజాయిక్ ఎన్ని దశాబ్దాల తర్వాతైనా లోపలి నుంచి కొత్త ముఖం ఇస్తుంది.

మాకు పోనిది ఒక్కటే, బీరువా కాలి కింద తుప్పు మరక. లోతుకు దిగిపోయింది. బీరువాని మళ్లీ సరిగ్గా దాని మీదే పెట్టాం.