వానలో అరకు ఘాట్ దిగేటప్పుడు

చిరంజీవి అమ్మలుకి,

మావయ్య ఆశీస్సులు.

అక్టోబరు ఆఖర్లో అరకు ఘాట్ ఎక్కి దిగే బ్రెవేకి, అదే గడువులోగా ముగించాల్సిన దూరపు సైకిల్ యాత్రకి, పేరిచ్చావని మీ అమ్మ చెప్పింది. ఆ రోజుల్లో మన విశాఖ ఆకాశాన్ని నమ్మడానికి లేదు. హుద్‌హుద్ తీరం దాటింది 2014 అక్టోబరు 12న. తుపాను దాకా పోకపోయినా, అల్పపీడనం పట్టిందంటే రెండు మూడు రోజులు ముసురు వదలదు. కాబట్టి వాన పడుతుందనే లెక్కతోనే తయారవ్వు. పడకపోతే మంచిదే.

ఎక్కగలనా అని బెంగపడుతున్నావట. వానలో ఎక్కడం నువ్వనుకున్నంత కష్టం కాదు. గంటకి తొమ్మిది పది కిలోమీటర్లకు మించి పోవు, ఒళ్లు తనంతట తనే వేడిగా ఉంటుంది, చక్రం జారినా కాలు కింద పెడితే సరిపోతుంది. ప్రమాదమంతా దిగడంలో ఉంది. ఘాట్ పైన గాలికొండ దగ్గర వెయ్యి మీటర్లకు పైనే ఉంటావు. వెయ్యి మీటర్లకి ఇంచుమించు ఆరు డిగ్రీలు తగ్గుతుంది. తడిసిన బట్టల మీద నలభై వేగంతో గాలి కొడుతుంటే, తొక్కే పని లేక ఒంట్లో వేడి పుట్టకపోతే, పావుగంటలో వేళ్లు కొయ్యబారిపోతాయి. బ్రేకు నొక్కాలని మనసు చెప్పినా చెయ్యి వినదు. అందుకే బట్టలు, బ్రేకులు, తిండి, అన్నీ ఆ దిగుడుని తలుచుకునే సర్దుకో.

రెయిన్ జాకెట్ వేసుకుని ఎక్కకు. బయట వాన తడపకపోయినా లోపల చెమట తడిపేస్తుంది. ఎస్.కోట (శృంగవరపుకోట) దాటి ఎత్తు మొదలవగానే జాకెట్, నిండు వేళ్ల గ్లవ్స్, ఒక పొడి బనీను, రెండు మడతల పాత పేపరు దళసరి పాలిథిన్ కవర్లో మూతి కట్టి పెట్టుకో. పైకి చేరగానే, టీ కూడా తాగకముందే, తడి బనీను విప్పి పొడిది వేసుకో. పేపరు ఛాతీ మీద పరుచుకుని పైన జాకెట్ వేసుకో. చలి మొదలయ్యాక మార్చుకుందామంటే జిప్పు పట్టుకోవడానికి వేళ్లు రావు. తొడల దగ్గర, సీటు ఆనే చోట బయల్దేరేముందే వేజలైన్ దట్టంగా రాసుకో. తడి గుడ్డ ఒరిపిడికి వంద కిలోమీటర్లలో చర్మం లేచిపోతుంది.

ఇక బ్రేకులు. నీ సైకిల్‌కి రిమ్ బ్రేకులైతే, అంటే చక్రం అంచుని లబ్బరు ముక్కలతో పట్టేవైతే, తడిలో నొక్కగానే పట్టవు. రిమ్ మీద నీటిని లబ్బరు తుడిచాకే పట్టు దొరుకుతుంది. ఆ లోపు పొడి రోడ్డు మీద ఆగే దూరం కంటే చాలా ముందుకు వెళ్లిపోతావు. అందుకే మలుపు కనబడకముందు నుంచే రెండు బ్రేకులూ తేలిగ్గా తాకిస్తూ రిమ్ తుడుచుకుంటూ ఉండు. లబ్బర్లలో ఇసుక రేణువులు, అల్యూమినియం ముక్కలు దిగబడతాయి, అవే రిమ్‌ని కోసేస్తాయి. ముందు రోజు రాత్రి పిన్నీసుతో తీసెయ్. డిస్క్ బ్రేకులైతే, అంటే చక్రం మధ్యలోని రేకుని ప్యాడ్లతో పట్టేవైతే, ప్యాడ్ మీది పూత మందం ఒక మిల్లీమీటరుకి దగ్గరపడితే మార్చేయి. రెజిన్ ప్యాడ్లు వాన బురదలో చాలా త్వరగా అరిగిపోతాయి కాబట్టి జత ఒకటి సంచిలో ఉంచు. కొత్త ప్యాడ్లు వేస్తే వారం ముందే వేసి, వేగం మీద ఇరవై సార్లయినా నొక్కి సానబెట్టు. చైనుకి ఆయిల్ వేసేటప్పుడు ఒక్క చుక్క కూడా డిస్క్ మీద పడకూడదు. ఇది మాత్రం మరచిపోకమ్మా.

టైర్ల వెడల్పు 28 మిల్లీమీటర్లయినా, 32 అయినా, మామూలుగా పెట్టే గాలిలో ఐదు నుంచి పది పౌండ్ల ఒత్తిడి తగ్గించు. గాజుపెంకులు, ముళ్లు తడి రబ్బరులోకి సులువుగా దిగుతాయి, వానలో పంక్చర్లు ఎక్కువ. తడిలో ప్యాచ్ అతకదు కాబట్టి ట్యూబులు రెండు పట్టుకెళ్లు. కొత్త ట్యూబు వేసేముందు టైరు లోపలంతా చేతిగుడ్డతో తడిమి ముల్లు తీయాలి. తొందరపడి వదిలేస్తే రెండో ట్యూబూ పోతుంది. పక్క చీలితే లోపల పెట్టడానికి అరచేతిలో సగమంత పాత టైరు ముక్క చాలు. వెనక పెద్ద గేరుకి 32 గానీ 34 గానీ పళ్లు ఉండనీ. తడి రోడ్డు మీద లేచి నిలబడి తొక్కితే వెనక చక్రం ఊరికే తిరుగుతుంది, కూర్చునే ఎక్కగలగాలి.

దిగేటప్పుడు హ్యాండిల్ కింది కొక్కేలు పట్టుకో, బరువు వెనక్కి వెయ్. వేగమంతా మలుపుకి ముందే, సైకిల్ నిటారుగా ఉండగానే తగ్గించు. వంగాక బ్రేకు ముట్టకు. తెల్ల గీతలు, రాలిన ఆకులు, గట్టు మీద నుంచి కొట్టుకొచ్చిన ఎర్రమట్టి, ఇవన్నీ నూనె పోసినట్టే జారతాయి. రైలు పట్టాలు వస్తే సూటిగా అడ్డంగా దాటు. ఎదురొచ్చే బస్సు హెయిర్‌పిన్ మొత్తం ఆక్రమిస్తుంది, వాన హోరులో హారన్ వినబడదు. కుడి మలుపుల్లో లోపలికి కోసుకు వెళ్లాలనిపిస్తుంది, వెళ్లకు. ముందు సైకిల్‌కి, నీకు మధ్య కనీసం నాలుగు సైకిళ్ల ఎడం ఉండాలి. ఎక్కడైనా భయమేస్తే దిగి నడిపించుకో. అరకిలోమీటరు నడిస్తే పోయేది ఏడెనిమిది నిమిషాలే.

టైం లెక్క ఇది. 200 కిలోమీటర్ల బ్రెవేకి గడువు 13 గంటల 30 నిమిషాలు, 300కి 20 గంటలు, అంటే ఆగినవన్నీ కలుపుకుని గంటకి ఇంచుమించు పదిహేను కిలోమీటర్లు. పెందుర్తి, కొత్తవలస, ఎస్.కోట వరకు రోడ్డు బాగుందని జనంతో పోటీపడి తొక్కితే పైన కాళ్లు ఉండవు. పక్కవాళ్లతో మాట్లాడగలిగేంత నెమ్మదిగానే వెళ్లు.

చల్లగా ఉంటే దాహం తెలియదు, అయినా గంటకి అర లీటరు తాగాల్సిందే. ఓఆర్ఎస్ ప్యాకెట్ మీద రాసిన కొలతలోనే కలుపు, చిక్కగా కలిపితే కడుపు తిప్పుతుంది. గంటకి ఒక అరటిపండు, ఒక వేరుశనగ అచ్చు. అచ్చుల కవర్లు ఇంట్లోనే కత్తిరించి వేరే సంచిలో పోసుకో, తడి వేళ్లతో చింపలేవు. పైన బొంగులో చికెన్ వాసన లాగేస్తుంది. నీరసం తీరుతుందని కడుపునిండా తిని దిగడం మొదలుపెట్టకు. రెండు ఇడ్లీలు, వేడి కాఫీ చాలు.

ఆ నెలాఖరికి ఐదున్నరకే పొద్దు గూకుతుంది. మబ్బు కమ్మితే గాలికొండ మీద మధ్యాహ్నమే పది గజాలు కనబడదు, కనక ఎర్రలైటు పగలు కూడా వెలగనీ. కళ్లకి నల్లవి వద్దు, తెల్ల అద్దాలు పెట్టుకో. హెల్మెట్ కింద ముందుకి అంచున్న టోపీ ఉంటే వాన కళ్లలో పడదు.

వాతావరణ శాఖ రెడ్ అలర్ట్ ఇచ్చిన రోజు సైకిల్ బయటికి తీయకు. ఉరుము వినబడితే పక్కా ఇంట్లోనో, బస్సులోనో దూరు, చెట్టు కింద మాత్రం నిలబడకు. రోడ్డు మీద నుంచి గెడ్డ పొర్లుతూ అడుగు కనబడకపోతే దాటకు. కొండ వైపు నుంచి బురద నీరు ఉన్నట్టుండి ఎక్కువైతే, చిన్న రాళ్లు దొర్లుతుంటే, వెనక్కి వచ్చెయ్. వణుకు ఆగకపోయినా, మాట తడబడినా, జిప్పు లాగలేకపోయినా అక్కడితో సరి. కిందికి దిగితే వేడెక్కుతుందిలే అని బయల్దేరకు. ఏ కొట్టులోనైనా కూర్చుని తడి బట్టలు తీసి, దుప్పటి అడిగి కప్పుకుని, వేడిగా తీపిగా తాగు. చలి తగ్గకుండానే వణుకు ఆగిపోయిందంటే అది మరీ చెడ్డ గుర్తు, వెంటనే నిర్వాహకులకి ఫోన్ చేయించు. ఘాట్ మీద సిగ్నల్ అన్నిచోట్లా ఉండదు కాబట్టి వాళ్ల నంబరు కాగితం మీద రాసి పాలిథిన్‌లో పెట్టుకో.

ఇంటికొచ్చాక ఎంత నీరసంగా ఉన్నా సీటు గొట్టం పైకి లాగి, సైకిల్ తలకిందులు చేసి లోపలి నీళ్లు పోనీ. చైను తుడిచి ఆయిల్ వెయ్. మిగతా సంగతి మర్నాడు చూసుకోవచ్చు. అనంతగిరి చేరాక సిగ్నల్ దొరికితే అమ్మకో మాట చెప్పు, లేకపోతే ఎస్.కోట దిగాక చెప్పినా పర్లేదు.

ఇట్లు,
మావయ్య