కిలిమంజారో దిగిన మర్నాడే స్నార్కెలింగ్ చేయొచ్చా?

ప్రశ్న: నాకు 48 ఏళ్లు. బీపీకి టెల్మిసార్టాన్, క్లోర్‌థాలిడోన్ కలిసిన మాత్ర వాడుతున్నాను, అదుపులోనే ఉంది. స్నేహితులతో మరంగు దారిలో 5 రోజుల్లో కిలిమంజారో ఎక్కి దిగి, మర్నాడే జాంజిబార్ దీవిలో స్నార్కెలింగ్ (నోట్లో గొట్టంతో గాలి పీలుస్తూ నీటి మీద బోర్లా తేలడం) చేయాలని ప్లాన్. కొండ గురించే నా టెన్షన్ అంతా. ఎత్తు పడక వచ్చే జబ్బు రాకుండా డయామాక్స్ మాత్ర వేసుకోవచ్చా?

సమాధానం: బీపీ అదుపులో ఉందంటున్నారు కాబట్టి వెళ్లొద్దని చెప్పను. కానీ మీ ప్లాన్‌లో రెండు చోట్ల తొందర కనిపిస్తోంది.

ఒకటి, ఆ 5 రోజుల లెక్క. మరంగు దారిలో మొదటి రాత్రి 2,720 మీటర్ల ఎత్తున మందారాలో, రెండో రాత్రి 3,720 మీటర్ల దగ్గర హొరొంబోలో, మూడో రాత్రి 4,720 మీటర్ల దగ్గర కిబోలో పడుకోవాలి. 3,000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచొద్దని మేం చెబుతాం. ఇక్కడ ఒక్కసారే వెయ్యి పెరుగుతోంది. పైగా కిబోలో నిద్ర పట్టీపట్టకముందే, అర్ధరాత్రి లేచి 5,895 మీటర్ల శిఖరానికి బయల్దేరాలి. అక్కడ అందే ఆక్సిజన్ సముద్రమట్టంలో దొరికేదాంట్లో సగమే. కనీసం హొరొంబోలో ఇంకో రాత్రి ఆగండి. 8 రోజుల లెమోషో దారి ఇంకా మేలు. ఖర్చు పెరుగుతుంది, నిజమే. సగంలో వెనక్కి తిరగడం కన్నా నయం.

డయామాక్స్ మామూలుగా 125 మిల్లీగ్రాములు, రోజుకు రెండుసార్లు, ఎక్కే ముందు రోజు నుంచి ఇస్తాం. అయితే మీ బీపీ మాత్రలోని క్లోర్‌థాలిడోన్ కూడా మూత్రం ఎక్కువగా పోయేలా చేసేదే. రెండూ కలిస్తే ఒంట్లో నీరు, పొటాషియం తగ్గిపోవచ్చు. అందుకే సొంతంగా కొనుక్కోకండి. నెల ముందే మీ డాక్టర్‌ను కలిసి క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పేది), పొటాషియం పరీక్షలు చేయించుకోండి. సల్ఫా మందులు పడకపోతే అదీ చెప్పండి. వేళ్లు తిమ్మిరెక్కినా, కూల్‌డ్రింక్ చప్పగా అనిపించినా కంగారొద్దు, అది మందు ప్రభావమే.

తలనొప్పి, వికారం ఉంటే ఆ రోజు ఇంకా పైకి వెళ్లొద్దు. ఊరికే కూర్చున్నా ఆయాసం వస్తున్నా, గీత గీసినట్టు నేరుగా నడవలేక తూలుతున్నా వెంటనే కిందికి దిగాల్సిందే. తెల్లారనిద్దాం అని ఆగొద్దు, ఎవరు సర్దిచెప్పినా వినొద్దు.

ఇక రెండోది, సముద్రం. మీరు దీన్ని తేలిగ్గా తీసుకున్నారు. నాకు మాత్రం ఎక్కువ ఆలోచన దీని గురించే. నీళ్లలో ఉన్నప్పుడు కాళ్లలోని రక్తం ఛాతీలోకి చేరుతుంది, సన్నటి గొట్టంలోంచి గాలి బలంగా పీల్చాలి. బీపీ ఉన్నవాళ్లకు ఈ రెండూ కలిసి ఒక్కోసారి ఊపిరితిత్తుల్లో నీరు చేరుస్తాయి. ఉన్నట్టుండి ఆయాసం, నీరసం వస్తే గొట్టం తీసేసి, వెల్లకిలా తిరిగి, చెయ్యెత్తి పిలవండి. కొండ దిగాక ఒక రోజంతా విశ్రాంతి తీసుకుని, మొదట నడుంలోతు నీళ్లలోనే, పక్కన మనిషి ఉండగా ప్రయత్నించండి. కొండ మీద ఊపిరితిత్తుల ఇబ్బంది వచ్చిందా, ఈ ట్రిప్‌లో స్నార్కెలింగ్ మానుకోండి. జలుబుతో ముక్కు దిబ్బడేస్తే లోపలికి మునగొద్దు, చెవి కర్ణభేరికి దెబ్బ.

కొండ ముందు, సముద్రం తర్వాత అన్న మీ వరుస మంచిదే. ఎవరైనా గాలి సిలిండర్‌తో లోతుకు మునిగే స్కూబా డైవింగ్ కూడా చేస్తే, తిరుగు విమానానికి ముందు కనీసం 18 గంటలు ఆగాలి. స్నార్కెలింగ్‌కు ఆ నియమం లేదు.

మలేరియా మాత్ర కూడా అడగండి. డాక్సీసైక్లిన్ వాడితే చర్మం ఎండకు త్వరగా కమిలిపోతుంది. నీళ్ల మీద బోర్లా తేలేటప్పుడు వీపు, మోకాళ్ల వెనక భాగం, పిక్కలే ముందు కాలుతాయి. పొడుగు చేతుల ఈత చొక్కా, పొడుగు లెగ్గింగ్ వేసుకోండి.