చివరి నాలుగు లైన్లు కొట్టేశాను

చిరంజీవి అమ్మాయికి,

నీ కథ, ఉత్తరం రెండూ అందాయి. కథ ఒకసారి చదివాను. ఉత్తరం మూడుసార్లు చదివాను.

కథలో పిల్లాడు గోడమీది చార్టు చింపాడు, నేను కాదన్నాడు, దొరికిపోయాడు, క్లాసంతా నవ్వింది. ఇంకెప్పుడూ అబద్ధం ఆడనని చెంపలేసుకున్నాడు. ఉత్తరంలో మాత్రం, "ఇది మా రెండో తరగతిలో నిజంగా జరిగింది మాస్టారూ, కానీ వాడు ఇప్పటికీ ఒప్పుకోలేదు" అని ఒక్క ముక్క రాశావు. అసలు కథ అక్కడుంది. క్లాసులో నీ మాట వినని పిల్లాణ్ణి కథలో వినేలా చేసుకున్నావు. కొత్త టీచర్లందరూ ఆ పనే చేస్తారు, నేనూ చేశాను.

నీకొక సంగతి చెప్పాలి. 2014లో కాంగ్ లీ, విక్టోరియా తల్వార్, మరికొందరు పరిశోధకులు మూడు నుంచి ఏడేళ్ల పిల్లలతో ఒక ప్రయోగం చేశారు. వెనకున్న బొమ్మను తిరిగి చూడొద్దని చెప్పి, ఒక్కొక్కరినీ ఒంటరిగా వదిలి కాసేపు బయటికి వెళ్లేవారు. చాలామంది చూసేశారు, పిల్లలు కదా! పెద్దవాళ్లు తిరిగొచ్చి ఒక కథ చదివి, అప్పుడు "చూశావా?" అని అడిగేవారు. అబద్ధమాడితే ముక్కు పెరిగే పినోకియో కథా, మన ‘నాన్నా పులి’కి తోబుట్టువులాంటి తోడేలు కథా పెద్దగా పనిచేయలేదు. చెర్రీ చెట్టు నరికి, నాన్న దగ్గర ఒప్పుకున్న జార్జి వాషింగ్టన్ కథ పనిచేసింది. అది విన్నవాళ్లలో నిజం చెప్పినవాళ్లు ఎక్కువ. (నిజాయితీ నేర్పే ఆ కథ మాత్రం కల్పితమే, అది వేరే సంగతి.) అదే కథను వాషింగ్టన్ అబద్ధమాడి కష్టాలపాలైనట్టు మార్చి చదివితే, ఆ తేడా కాస్తా పోయింది.

దీన్నిబట్టి నాకు తోచింది ఇది. అబద్ధం దొరికితే ఏమవుతుందో పిల్లలకు ముందే తెలుసు, మనం కొత్తగా భయపెట్టక్కర్లేదు. ఒప్పుకుంటే ఏమవుతుందో వాళ్లకు తెలియదు. నీ కథలో ఆ దారే లేదు. క్లాసంతా అలా నవ్వుతుంటే ఎవడొప్పుకుంటాడు చెప్పు?

ఇంకో చిక్కుంది. నీ పాఠకులు ఆరేడేళ్లవాళ్లు. తప్పును వాళ్లు తూచే తూకం మనది కాదు. పిల్లల ఆలోచనా తీరును పరిశోధించిన స్విస్ శాస్త్రవేత్త పియాజే 1932లో అచ్చయిన తన పుస్తకంలో దీని గురించి రాశాడు. పిల్లలకు రెండు చిన్న కథలు చెప్పాడు. ఒకడు తలుపు తోస్తే, వెనక కప్పులున్నాయని తెలియక పదిహేను పగిలాయి. ఇంకొకడు అమ్మ లేనప్పుడు జామ్ తీసుకోబోతే ఒకటి పగిలింది. ఎవరిది పెద్ద తప్పంటే, చిన్నపిల్లలు చాలామంది పదిహేను పగలగొట్టినవాడిదే అన్నారు. కాస్త పెద్దయ్యాక, ఎందుకు చేశాడన్నది చూడటం మొదలుపెడతారు. నీ చార్టు పిల్లాడు ఎందుకు చింపాడు? కథంతా వెతికాను, ఎక్కడా లేదు. నువ్వు వాణ్ణి అడిగావా? "ఎవరు చింపారు" అని అడిగుంటావు. "ఏం జరిగింది" అని అడిగితే వేరే జవాబు వచ్చేదేమో.

నేను కొత్తలో ప్రతి గొడవకీ "సారీ చెప్పు" అనేవాణ్ణి. రెండు నెలలయ్యేసరికి ఒక బుడతడు పక్కవాణ్ణి నెడుతూనే సారీ చెప్పడం నేర్చాడు. ముందు సారీ, తర్వాత తోపు! నాకు నవ్వూ వచ్చింది, సిగ్గూ వేసింది. వాడికి నేను నేర్పింది టికెట్ కొనడం. ఆ తర్వాత సారీ అడగడం మానేసి, "కిందపడ్డ వాడికి ఇప్పుడేం కావాలో అడుగు" అనడం మొదలుపెట్టాను. మోకాలు కడగడానికి నీళ్లు తెచ్చేవారు, చెల్లాచెదురైన పుస్తకాలు ఏరేవారు. అన్నిసార్లూ కాదు. కొన్నిసార్లు ఇద్దరూ మళ్లీ కొట్టుకునేవారు.

నీ కథలో చివరి నాలుగు లైన్లకూ ఆ టికెట్ వాసనే వేసింది. అందుకే ఎర్రసిరాతో కొట్టేశాను, ఏమనుకోకు. ‘చెడ్డ పిల్లాడు’ అని మూడుచోట్ల రాశావు, అవీ తీసెయ్. క్లాసులో ఒకసారి అలా పిలిస్తే పిల్లలందరూ అందుకుంటారు, ఏడాదంతా ఆ పేరు పోదు. కథలోనూ అంతే, మొదటి పేజీలో చెడ్డవాడన్నావంటే వాడిక ఆశ్చర్యపరచలేడు.

భాష గురించి నాకు బెంగ లేదు, నీకు చెవి ఉంది. వర్ణనలు తగ్గించు, చాలు.

అన్నట్టు, ఉత్తరంలో చివర ఇంకో మాట రాశావు: మర్నాడు పొద్దున వచ్చి చూస్తే చార్టు వంకరటింకరగా అతికించి ఉందని, ఎవరు చేశారో అడగలేదని. అడగకపోవడం మంచిదే అయింది. కథను ఆ పొద్దున్నించి మొదలుపెట్టి పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు