మోరిస్ మైనర్ చక్రాల గురించి మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. మీ తాతగారి పాత కారు మోరిస్ మైనర్‌కు నాలుగు కొత్త టైర్లు కొన్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. చాలా సంతోషమైంది. అయితే టైర్ల షాపువాళ్లు "ఈ రోజుల్లో ట్యూబులెందుకండీ, ట్యూబ్‌లెస్‌గా బిగించేద్దాం" అన్నారని కూడా చెప్పింది. అందుకే వెంటనే ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆ మాటకు ఒప్పుకోవద్దు.

ట్యూబ్‌లెస్ టైర్ల కోసం చేసిన ఇప్పటి రిమ్ములో, టైరు అంచు కూర్చునే చోటికి కాస్త లోపలగా చుట్టూ ఒక చిన్న గట్టు ఉంటుంది. మలుపులో బండి బరువు ఒక పక్కకు ఒరిగినా, గాలి కొంత తగ్గినా, టైరు అంచు రిమ్ము నడిమి గుంటలోకి జారిపోకుండా ఆ గట్టు ఆపుతుంది. 1950ల నాటి రిమ్ముకు అది లేదు. దాని అతుకులు కూడా గాలి బయటకు పోకుండా ఆపాలని చేసినవి కావు. గాలిని పట్టి ఉంచే పని ట్యూబుదేనని అనుకునే ఆ చక్రాన్ని తయారు చేశారు. ట్యూబు తీసేస్తే మొదట నెమ్మదిగా గాలి దిగుతూ ఉంటుంది. ఆ సంగతి నీకు తెలిసే సమయానికి ఏ మలుపులోనో టైరు రిమ్ము మీద నుంచి ఊడవచ్చు.

ఇక ట్యూబు ఎంపిక. తర్వాత్తర్వాత వచ్చిన మైనర్ 1000 అయితే టైరు కొలత 5.20-14, అంతకుముందు వచ్చిన మైనర్ అయితే 5.00-14. ప్రీమియర్ పద్మిని కూడా 5.20-14 టైర్ల మీదే నడిచింది కాబట్టి, పాత షాపుల్లో "పద్మిని ట్యూబు" అని అడిగితే సగం పని సులువవుతుంది. అయినా ట్యూబు మీద అచ్చువేసిన కొలత నీ కళ్లతో చదివి తీసుకో. చిన్న ట్యూబును గాలితో సాగదీసి పెద్ద టైరులో నింపితే దాని గోడ పలచబడుతుంది. పెద్ద ట్యూబును చిన్న టైరులో కుక్కితే మడత పడుతుంది. ఆ మడత తిరిగిన ప్రతిసారీ తనలో తాను రాసుకుని, కొన్నాళ్లకు అక్కడే చిరుగుతుంది.

నువ్వు కొన్నవి రేడియల్ (లోపలి దారాలు ఒక అంచు నుంచి మరో అంచుకు తిన్నగా సాగే రకం) టైర్లయితే ట్యూబు మీద కూడా "రేడియల్" అని ఉండాలి. రేడియల్ టైరు పక్కగోడలు ఎక్కువగా వంగుతాయి, ఆ కదలికకు మామూలు ట్యూబు ఎక్కువ కాలం నిలవదు. ఒకే యాక్సిల్ మీద ఒకటి రేడియల్, ఒకటి పాత రకం క్రాస్‌ప్లై (దారాలు ఏటవాలుగా ఒకదాని మీద ఒకటి అడ్డంగా ఉండేది) ఎప్పుడూ వేయవద్దు. నన్నడిగితే నాలుగూ ఒకే రకం ఉండాలి, స్పేరు కూడా.

అందరూ మరిచిపోయే సంగతి మరొకటుంది. రిమ్ములో వాల్వు దూరే రంధ్రం. ఇప్పటి ట్యూబుల్లో ఎక్కువగా వచ్చేది టీఆర్ 13 అనే సన్న వాల్వు, దానికి 11.5 మిల్లీమీటర్ల రంధ్రం కావాలి. చాలా పాత బండ్ల రిమ్ములకు 16 మిల్లీమీటర్లకు దగ్గరగా ఉండే పెద్ద రంధ్రం ఉంటుంది, దానికి సరిపోయేది లావు కాండం ఉన్న టీఆర్ 15. పెద్ద రంధ్రంలో సన్న వాల్వు పెడితే అది అటూ ఇటూ ఊగుతుంది. రిమ్ము అంచు దాని మొదట్లో కోసుకుంటూ పోతుంది. వాల్వు మొదలు దగ్గర చిరిగిన ట్యూబుకు ప్యాచీ వేయడానికి వీలుండదు, పారేయడమే. పెద్ద వాల్వు ట్యూబు దొరకకపోతే రంధ్రంలో బిగుతుగా కూర్చునే రబ్బరు బుష్షు వేయాలి.

ఇప్పుడు అసలు పని. ట్యూబుల్ని మేకులే చంపుతాయని అందరూ అనుకుంటారు. నేను విప్పి చూసిన చెడిపోయిన ట్యూబుల్లో ఎక్కువ భాగం లోపలి నుంచి దెబ్బతిన్నవే: తుప్పు పొలుసు, రిమ్ములో వెల్డింగు ముక్క, టైరు లోపల ఒలవకుండా వదిలేసిన కాగితం లేబులు, తొందరలో లివరు (టైరు ఎక్కించే ఇనుప పట్టీ) కింద నలిగిన మడత. అందుకే ట్యూబు చేతిలోకి తీసుకునే ముందు ఒక పూట రిమ్ముల మీద పెట్టు. వైరు బ్రష్షుతో తుప్పు గీకి, ఉప్పుకాగితంతో రుద్ది, ప్రైమరు వేసి, రంగు వేసి, అది పూర్తిగా ఆరనివ్వు. పచ్చి రంగు మీద ట్యూబు అతుక్కుపోతుంది. ఆరాక రిమ్ము లోపలి అంచంతా వేలితో తడిమి చూడు. గోరుకు తగిలినంత గరుకు మిగిలినా మళ్లీ రుద్దు.

టైరు లోపల మాత్రం వట్టి చేత్తో తడమవద్దు. పాత నూలు గుడ్డ ఒకటి తీసుకుని చుట్టూ తిప్పు. తీగ ముక్క గాని మేకు మొన గాని ఉంటే గుడ్డ పోగు దానికి చిక్కుకుని ఆగుతుంది, నీ వేలు కోసుకోదు. కొత్త టైరు కదా అని వదలవద్దు, లోపల అంటించిన కాగితం లేబులు కొత్త టైరులోనే ఉంటుంది. దాన్ని పూర్తిగా ఒలిచి జిగురు కూడా తుడిచేయి. టైరు పక్కన నాలుగంకెల ముద్ర కూడా చూడు. 2319 అని ఉంటే అది 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. ఏళ్ల తరబడి గోదాములో పడి ఉన్న టైరును కొత్తదని అమ్మితే తీసుకోవద్దు.

ఎక్కించే పని మాత్రం చేత్తోనే చేయించు. ఇంటి దగ్గర నువ్వే చేస్తే ఇంకా మంచిది. యంత్రం మీద వేగంగా తిప్పేటప్పుడు ట్యూబు అంచు ఎక్కడ చిక్కిందో ఎవరికీ కనిపించదు. పాత టైరు ఊడదీసేటప్పుడు పెద్ద సుత్తితో రిమ్ము అంచు మీద బాదనివ్వకు. ఆ అంచు ఒకసారి వంగిందంటే బ్యాలెన్సింగు (చక్రం బరువు చుట్టూ సమంగా ఉండేలా సర్దడం) మీద ఆశ వదులుకోవాల్సిందే.

టైరు ఒక అంచును ముందు రిమ్ములోకి దించు. అంచుకు సబ్బు నీళ్లు పూయవచ్చు. గ్రీజు, ఇంజిన్ ఆయిలు, డీజిలు మాత్రం దగ్గరకు రానివ్వకు, అవి రబ్బరును ఉబ్బించి కుళ్లబెడతాయి. ట్యూబుకు ఫ్రెంచ్ చాక్ (మెత్తటి సుద్దలాంటి పొడి) గాని సువాసన లేని టాల్కమ్ పౌడరు గాని పలచగా పట్టించు. పొడి ఉంటే ట్యూబు టైరు గోడను పట్టుకోకుండా జారి తన చోట తాను సర్దుకుంటుంది. గుప్పిళ్లతో పోస్తే అది ఒకచోట ఉండకట్టి అక్కడే రాపిడి పెడుతుంది. తర్వాత ట్యూబుకు కొద్దిగా, గుండ్రని రూపం వచ్చేంత వరకే గాలి కొట్టి లోపల పెట్టు. వాల్వును రంధ్రంలో నుంచి బయటకు తీసి, దానికి నట్టు ఉంటే రెండు చుట్లు మాత్రమే తిప్పి వదిలేయి.

టైరు మీద పసుపు చుక్క ఉంటే అది టైరులో తేలిక భాగానికి గుర్తు. వాల్వు ఉన్న చోట చక్రం కాస్త బరువుగా ఉంటుంది కాబట్టి ఆ చుక్కను వాల్వు పక్కకు తెచ్చుకో. ఇప్పుడే ఈ పని చేసుకుంటే తర్వాత బ్యాలెన్సింగులో రిమ్ము అంచుకు క్లిప్పుతో కొట్టే సీసం ముక్కలు తక్కువ పడతాయి.

రెండో అంచు ఎక్కించడాన్ని వాల్వుకు సరిగ్గా ఎదురు వైపు మొదలుపెట్టి, రెండు పక్కల నుంచీ వచ్చి వాల్వు దగ్గర ముగించు. దీనికి కారణం ఉంది. వాల్వు మొదట్లో ట్యూబు మందంగా ఉంటుంది కనుక ఆ చోట టైరు అంచు రిమ్ము నడిమి గుంటలోకి దిగదు. ఎదురు వైపు దిగుతుంది. ఆ దిగిన భాగమే చివర్లో నీకు కావలసిన వదులు ఇస్తుంది. చివరి జానెడు దగ్గర టైరు మొండికేస్తే బలం ఉపయోగించకు. ఎదురు వైపు అంచు గుంటలోంచి పైకి వచ్చేసిందన్నమాట. మోకాలితో దాన్ని మళ్లీ లోపలికి తొక్కి, లివరుతో రెండు మూడు అంగుళాల చొప్పున లాగు. లివరు నునుపుగా ఉండాలి, దాని మొన రిమ్ము అంచు దాటి ఎక్కువ లోపలికి పోకూడదు. ఆ అర అంగుళం అవతలే ట్యూబు ఉంటుంది.

అంతా ఎక్కాక వాల్వును బొటనవేలితో లోపలికి నొక్కి వదులు. మెత్తగా లోపలికి వెళ్లి తిరిగి వస్తే టైరు అంచు కింద ట్యూబు చిక్కలేదని అర్థం. గట్టిగా ఆగితే చిక్కింది, మళ్లీ విప్పాలి. తర్వాత గాలి కొట్టు, వాల్వు లోపలి పిన్ను తీసి మొత్తం గాలి వదిలేయి, మళ్లీ కొట్టు. మొదటి గాలికి పడిన ముడతలు ఆ వదలడంతో విడిపోతాయి. ఈ రెండోసారి గాలి కొట్టడం షాపుల్లో ఎవరూ చేయరు, పక్కన నిలబడి చేయించాలి. టైరు పక్కన అంచు వెంబడి పోసిన సన్న గీత రిమ్ముకు చుట్టూ ఒకే దూరంలో ఉందా లేదా చూడు. ఒకచోట లోపలికి పోయి ఉంటే గాలి తీసి సబ్బు నీళ్లు పూసి మళ్లీ కొట్టాలి. అంతే తప్ప గాలి ఒత్తిడి 40 పౌండ్లు (పీఎస్ఐ) దాటించి బలవంతంగా కూర్చోబెట్టవద్దు, ఆ సమయంలో చక్రం మీదికి వంగి ఉండవద్దు. అంతా సరిగా ఉన్నాక మైనర్‌కు చల్లటి టైరులో 22 పౌండ్లు ఉంచు. వెనక మనుషులు, సామాను ఉంటే వెనక టైర్లలో 24.

వాల్వు ఎప్పుడూ నిటారుగా నిలబడాలి. కొన్నాళ్లకు అది ఒక పక్కకు ఒరిగితే టైరు రిమ్ము మీద జరుగుతోందని, ట్యూబును తనతో లాక్కుపోతోందని తెలుసుకో. గాలి తక్కువగా నడిపితే ఇలా అవుతుంది. వెంటనే గాలి తీసి సర్దాలి.

బ్యాలెన్సింగుకు వెళ్లే ముందు చక్రం తిన్నగా తిరుగుతోందా అని చూడటం నీ పని. ముందు చక్రాన్ని జాకీ మీద లేపి, పక్కన ఇటుకలు పేర్చి, వాటి మీద పెన్సిలు ఒకటి రిమ్ము అంచుకు దాదాపు తగిలేలా ఆనించి, చక్రాన్ని నెమ్మదిగా తిప్పు. పెన్సిలు మొనకూ రిమ్ముకూ మధ్య సందు ఒకచోట తగ్గి ఒకచోట పెరుగుతుంటే, ఆ తేడా రెండు మిల్లీమీటర్లు దాటితే, రిమ్ము వంకర. వంకర రిమ్ముకు ఎన్ని సీసం ముక్కలు కొట్టినా స్టీరింగు ఊగడం ఆగదు.

అక్కడే చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపు. కదలిక ఉంటే ఇంకొకరిని బ్రేకు తొక్కమను. అప్పుడు కదలిక పోతే బేరింగుది, పోకపోతే చక్రం పక్కలకు తిరగడానికి ఆధారమైన కింగ్‌పిన్, దాని పైనా కిందా ఉండే మరల జాయింట్లు ట్రనియన్లది. మోరిస్ మైనర్‌లో కింది ట్రనియన్ సంగతి నీకు గట్టిగా చెప్పాలి. గ్రీజు లేక దాని మరలు అరిగిపోతే ముందు చక్రం ఒక్కసారిగా లోపలికి మడతపడుతుంది. బ్యాలెన్సింగు కన్నా ముందు దాన్ని చూపించు. దాని మీద అనుమానం ఉంటే ఆ రోజు బండిని రోడ్డు మీదికి తీయవద్దు.

బండి నెలల తరబడి నిలబడి ఉంది కనుక నైలాన్ టైర్లయితే నేలకు ఆనిన చోట చదునుగా అవుతాయి. మొదటి కొన్ని కిలోమీటర్లు ధడధడమంటుంది. పది పదిహేను కిలోమీటర్లు నడిచి టైరు వేడెక్కితే అది చాలావరకు పోతుంది. అందుకే బ్యాలెన్సింగు షాపుకు ట్రాలీ మీద తీసుకెళ్లకుండా నడిపించుకునే వెళ్లు. వింటేజ్‌గా నమోదైన బండిని రోజూ తిప్పడానికి 2021 నిబంధనలు ఒప్పుకోవు గాని, మరమ్మతులకు తీసుకెళ్లవచ్చు. నిలబెట్టినన్నాళ్లు వారానికోసారి కాస్త ముందుకూ వెనక్కూ జరుపుతూ ఉండు.

షాపులో యంత్రం దగ్గర ఒక మెలిక ఉంది. ఇప్పటి కార్ల చక్రం నడిమి రంధ్రం కచ్చితంగా కోసి ఉంటుంది కాబట్టి, యంత్రం కోను దాంట్లో దూరితే చాలు. మన చక్రం నడిమి రంధ్రాన్ని బట్టి కాకుండా నాలుగు నట్లను బట్టి నడిమికి వస్తుంది. కాబట్టి నట్ల రంధ్రాల్లో బిగించే ప్లేటు ఉన్న షాపు వెతుకు. లేకపోతే ఈ పరీక్ష చేయించు: ఒకసారి చూపిన లెక్క రాసుకుని, చక్రాన్ని వదులు చేసి అదే ఇరుసు మీద సగం చుట్టు తిప్పి బిగించి, మళ్లీ చూడమను. రెండు లెక్కలూ దాదాపు ఒకటే అయితే సరే. వేరువేరుగా వస్తే చక్రం నడిమికి కూర్చోలేదు, ఆ లెక్క ప్రకారం సీసం కొట్టించుకోవడం వంకర త్రాసులో తూచి డబ్బిచ్చినట్టే. ఒక చక్రానికి అరవై గ్రాములు దాటి అడిగితే సీసం కొట్టకుండా టైరును రిమ్ము మీద సగం చుట్టు తిప్పి మళ్లీ చూడమను. చాలాసార్లు సగానికి సగం తగ్గుతుంది. పాత రిమ్ము అంచు ఆకారం వేరు కనుక క్లిప్పు ముక్క గట్టిగా పట్టిందో లేదో వేలితో లాగి చూడు.

సరైన ప్లేటు ఎక్కడా దొరకకపోతే ముందు హబ్బు మీదే మన పాత పద్ధతిలో చేసుకోవచ్చు. బ్రేకు షూలు వదులు చేసి, చక్రాన్ని మెల్లగా తిప్పి ఆగనివ్వాలి. ఆగినప్పుడు కింద ఉన్న చోట సుద్దతో గీత పెట్టాలి. మళ్లీ మళ్లీ అదే చోటు కిందికి వస్తుంటే అక్కడ బరువెక్కువ. దానికి ఎదురుగా, రిమ్ము లోపలి వైపు సగం, బయటి వైపు సగం సీసం పెట్టి, ఎక్కడ ఆపితే అక్కడే నిలిచేదాకా సర్దాలి. వెనక చక్రాలను కూడా ముందు హబ్బు మీదే బిగించి చూసుకో. ఇది చక్రం పైకీ కిందికీ ఎగరడాన్ని ఆపుతుంది. పక్కలకు ఊగడాన్ని పట్టుకోవడానికి యంత్రమే కావాలి.

నట్లు ఎదురెదురుగా, దఫదఫాలుగా బిగించు. యాభై కిలోమీటర్లు నడిచాక మళ్లీ ఒకసారి చూడు, కొత్త రంగు నలిగి కాస్త వదులవుతాయి. వాల్వు మూతలు మరిచిపోవద్దు. బండిలో ఒక ట్యూబు అదనంగా ఉంచుకో. ట్యూబుకు మేకు దిగితే ట్యూబ్‌లెస్‌లాగా ఇంటిదాకా రానివ్వదు.

ఈ ఆదివారం ఒక చక్రం విప్పి, వాల్వు రంధ్రం కొలిచి నాకు ఫోను చేయి. ట్యూబులు ఆ తర్వాతే కొను.

ఆశీస్సులతో,
మీ మామయ్య