అల్లుడికి, చుక్క ఫైళ్ల గురించి

ఒరేయ్ అల్లుడూ,

నీ కొత్త లినక్స్ డెస్క్‌టాప్ అని నువ్వు పంపిన స్క్రీన్‌షాట్ చూశాను. ముచ్చటగా ఉంది, కానీ ఆ డెస్క్‌టాప్ నీది కాదురా. ప్రోగ్రాముల సెట్టింగులుండే ఫైళ్లనే కాన్ఫిగ్ అంటాం, పేరు చుక్కతో మొదలైతే చుక్క ఫైళ్లు (డాట్‌ఫైల్స్) అంటాం. ఎవరి కాన్ఫిగ్‌నో మొత్తంగా దించుకుంటే వాళ్ల చేతి అలవాట్లు కూడా వెంటే వస్తాయి. రేపు ఏదైనా పనిచేయకపోతే ఏ వరుస వల్లో నీకు అంతు చిక్కదు. తెర మీద కిటికీలు సర్దే ఐ3 ప్రోగ్రామ్ వాడతానంటున్నావుగా, అది ఇచ్చే డిఫాల్ట్ ఫైలుతోనే మొదలుపెట్టు. నీకు అడ్డం పడ్డదాన్నే మార్చు, అదీ రోజుకొకటి.

మార్చిన వరుస పైన హాష్ గుర్తు (#) పెట్టి, ఎందుకు మార్చావో కామెంటుగా రాసుకో. నేను మొదట్లో తెలుగు లిపిలో రాసేవాణ్ణి. ఒకసారి, లాగిన్ కాగానే కంప్యూటర్ చదివే డాట్ ప్రొఫైల్ ఫైల్లో కొటేషన్ గుర్తు మూయడం మర్చిపోయాను. పాస్‌వర్డ్ కొడితే తెర ఒక్కసారి నల్లబడి మళ్లీ లాగిన్ దగ్గరికే వస్తుంది! అరగంట టెన్షన్ పడ్డాక గుర్తొచ్చింది: కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కితే అక్షరాల కన్సోల్ వస్తుంది, అక్కడ లాగిన్ అయి ఫైలు సరిచేయొచ్చు. తీరా తెరిస్తే నా తెలుగు కామెంట్లన్నీ డబ్బాలే. ఆ కన్సోల్‌కి మన లిపి రాదు. అప్పట్నుంచి తెలుగు మాటల్నే ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తున్నా, మెసేజీల్లో మీ అత్తకి రాసినట్టు.

ఫైళ్లని, వాటి పాత ప్రతుల్ని దాచుకోవడానికి గిట్, వాటిని వాటి చోట్లలో కూర్చోబెట్టడానికి గ్నూ స్టో. ఈ రెండూ చాలు. హోమ్‌లో, అంటే నీ సొంత ఫోల్డర్‌లో, డాట్‌ఫైల్స్ అని ఒక ఫోల్డర్, అందులో ప్రోగ్రామ్‌కొకటి. ఐ3 ఫోల్డర్‌లో డాట్ కాన్ఫిగ్, దాంట్లో ఐ3, ఆ లోపల అసలు ఫైలు. అంటే హోమ్‌లో ఉన్న వరసే ఇక్కడా ఉండాలి. డాట్‌ఫైల్స్‌లో నిలబడి స్టో ఐ3 అని కొడితే హోమ్‌లో సింలింకు, అంటే అసలు ఫైలుకి దారి చూపే గుర్తు, పడుతుంది. అక్కడ పాత ఫైలు ఉంటే స్టో ఒప్పుకోదు, ముందు దాన్ని పక్కకి తీసేయ్. మైనస్ ఎన్, మైనస్ వీ జోడిస్తే ఏం చేయబోతోందో చెప్తుంది, చేయదు. మొదటిసారి అలాగే చూడు.

హోమ్ మొత్తాన్ని మాత్రం గిట్‌లో పెట్టకు. ఎస్‌ఎస్‌హెచ్ ప్రైవేట్ కీ (వేరే కంప్యూటర్లలోకి లాగిన్ కావడానికి వాడే రహస్య ఫైలు) ఒక్కసారి బయటికి పుష్ అయితే, తర్వాత ఫైలు తీసేసినా పాత కమిట్లలో, అంటే గిట్ దాచిన పాత ప్రతుల్లో, అలాగే ఉంటుంది. అప్పుడు కీ మార్చడమే దారి.

అన్నట్టు, ఈ చుక్క ఫైళ్లు కనబడకపోవడం ఎవరూ కావాలని చేసింది కాదట. తొలినాళ్ల యునిక్స్‌లో, ఫైళ్ల జాబితా చూపే ఎల్‌ఎస్ కమాండు ఒక చుక్క (ఉన్న ఫోల్డర్), రెండు చుక్కల (పై ఫోల్డర్) ఎంట్రీలు చూపించకూడదని మొదటి అక్షరం ఒక్కటే పరీక్షించారు, దాంతో చుక్కతో మొదలయ్యేవన్నీ మాయమయ్యాయి. 2012లో, యునిక్స్ మీద పనిచేసిన రాబ్ పైక్ రాశాడు ఈ సంగతి.

తెలుగు ఫాంటు గోల ఉండనే ఉంది. తెర అంచున ఉండే స్టేటస్ బార్ ఎత్తు కాస్త పెంచు, లేకపోతే కింది వత్తులు తెగిపోతాయి. ఏ ఫాంటు వాడాలో చెప్పే ఫాంట్‌కాన్ఫిగ్ ఫైలు కూడా డాట్‌ఫైల్స్‌లోకే చేర్చు, నేనది మర్చిపోయి మళ్లీ మొదట్నుంచి రాసుకున్నా.

ఆదివారం పొద్దున ఫోన్ చెయ్. ఈలోగా గిట్ ఇనిట్ కొట్టి, ఒక్క ఫైలైనా కమిట్ చేసి ఉంచు.

మీ మామయ్య